సొంత గొంతుతోనే చెప్పాలి

సేవ, రోజు 1

ఇది తెలుగులో రాస్తున్నాను. బడి టాబ్‌లో ఇంగ్లీషులో ఏం రాసినా వార్డెన్ మేడమ్‌కి ఒక కాపీ వెళ్తుంది. తెలుగు చేతిరాతని మాత్రం అది బొమ్మ అనుకుని వదిలేస్తుంది.

పదకొండో క్లాసు వాళ్ళందరూ నెల రోజులు సేవ చేయాలి. కొందరికి లైబ్రరీ, కొందరికి తోటలు పడ్డాయి. నాకు గట్టు ఆస్పత్రి పడింది. లిస్టు రెండుసార్లు చదివాను. ఆస్పత్రికి గట్టు కింద ఉండే మా పడవవాడ వాళ్ళు వస్తారు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పినవాళ్ళు వస్తారు.

బడిలో సీట్లు గట్టు పిల్లలకే. నాకు ఆరేళ్ళప్పుడు అమ్మ ఒక టీచరమ్మని బతిమాలి, ఆవిడ మేనకోడలినని రాయించి నన్ను చేర్పించింది. టీచరమ్మ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు గట్టు మీద నా నిజం తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. అక్కడ నా పేరు రత్న.

ఆస్పత్రి హాలు మధ్యలో గాజు గోడ ఉంది. ఇటువైపు కుర్చీల వరుస, అటువైపు నేల వరుస. బోర్డు మీద గట్టువాళ్ళు, పడవవాళ్ళు అని రాయలేదు. ఎ, బి అని రాశారు. బి వైపు కుర్చీలు ఎందుకు లేవని హాలు ఇన్‌చార్జ్ విశారద మేడమ్‌ని అడిగాను. "తడి బట్టలతో కూర్చుంటారమ్మా, ఫోమ్ పాడవుతుంది" అంది, మామూలుగా, నా చేతికి బ్యాడ్జి ఇస్తూ.

ఒక్కో వరుస చివర ఒక్కో పలకరింపు బల్ల ఉంది. దానికి మైకు, కెమెరా. రోగి ఎదురుగా కూర్చుని బాధ చెబితే, అది విని ఒకటి నుంచి తొమ్మిది దాకా నంబరు ఇస్తుంది. ఏడు వస్తే డాక్టర్ వెంటనే చూస్తారు. నాలుగు లోపయితే పూతమందు ఇచ్చి పంపేస్తారు. నేను నేల వరుస బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని, ప్రతి రోగికీ చివర్లో ఒక లైను రాయాలి. నంబరు బల్లది, లైను నాది.

కుర్చీల వైపు బల్ల, "నమస్కారం, మీకు ఎక్కడ ఇబ్బందిగా ఉందో చెప్పండి" అంటుంది. నేల వైపు అదే గొంతు, "ఏం నొప్పి? చెప్పు" అంటుంది. పడవవాళ్ళు దాన్ని దొరసాని అంటారు.

ఇవాళ నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. లేదా గుర్తుపట్టి ఊరుకున్నారు.

రోజు 6

గురయ్య తాత వచ్చాడు. నాకు ఈత నేర్పిన తాత. నన్ను చూసి గోడ వైపు తిరిగాడు. నేను కీబోర్డు వైపు తిరిగాను.

"ఏం నొప్పి? చెప్పు" అంది బల్ల.

"బాగానే ఉన్నాను తల్లీ."

వెనక నిలబడ్డ ఆయన భార్య దాలమ్మ ఊరుకోలేదు. "బాగేటి బాగు! నిన్నటేల నుంచి గుండె కాడ పట్టీసినాది. ఊపిరి పీలిస్తే గుచ్చుకుంతాది. దగ్గితే నురగొస్తంది."

"తోడు వచ్చినవాళ్ళు మాట్లాడకూడదు. సొంత గొంతుతోనే చెప్పాలి."

"ఒలమ్మ, దొరసానికి మగోళ్ళ గొంతైతేనే ఇనబడతాదేటి?" అంది దాలమ్మ. వరుసంతా నవ్వింది. తాత కూడా నవ్వబోయి, దగ్గి, ఛాతీ పట్టుకున్నాడు. బల్ల మళ్ళీ అడిగింది. తాత మళ్ళీ బాగానే ఉన్నానన్నాడు. దాలమ్మ ఈసారి అరిచింది.

నంబరు 2.

తాత అబద్ధం చెప్పలేదు. మా వాళ్ళు చేసేదే చేశాడు. గట్టు మొత్తానికి తాగే నీళ్ళు సముద్రం లోంచి గొట్టాల్లో వస్తాయి. ఆ గొట్టాల మూతులకున్న జల్లెడలకి రోజూ నాచు, ఆలిచిప్పలు పడతాయి. మా వాళ్ళు రోజూ దిగి వాటిని గీకుతారు. దిగేవాళ్ళ నోటికి గాలి గొట్టం, నడుముకి తాడు ఉంటాయి. పైన పడవలో ఒకరు ఆ తాడు పట్టుకుంటారు. అడుగున చాలా సేపుంటే మత్తెక్కుతుంది, ఒంట్లో ఏమవుతోందో తెలియదు. బాగున్నానని సైగ చేసినవాళ్ళే ఎక్కువమంది చచ్చిపోయారు. అందుకని తాడు వణుకుని బట్టి, బుడగల్ని బట్టి పైనున్న మనిషే అరవాలి. ఫలానాచోట పట్టింది, పైకి లాగండి అని. గట్టు మీదకొచ్చినా అంతే. దిగేవాళ్ళు తమ నొప్పి గురించి నోరెత్తరు. ఎత్తితే, తమ తాడు పట్టిన మనిషిని నమ్మడం లేదని నలుగురిలో చెప్పినట్టు.

ఇదంతా హాల్లో నాకొక్కదానికే తెలుసు. చెబితే మేడమ్ అడిగే మొదటి ప్రశ్న, నీకెలా తెలుసు?

నా లైను రాశాను. 'రోగి నొప్పి లేదన్నారు. తోడు వచ్చినవారు గొడవ చేశారు.'

రోజు 8

ఇవాళ తువ్వాళ్ళు మోసే పని. ప్రెజర్ గదికి పాతిక తువ్వాళ్ళు కావాలన్నారు.

ప్రెజర్ గది అంటే పెద్ద ఇనప గొట్టం. రెండు బెడ్లు పడతాయి. తలుపు బిగించి లోపల గాలి ఒత్తిడి పెంచుతారు, ఆక్సిజన్ ఇస్తారు. దాన్ని నడిపేది ఫ్రాన్సిస్ గారు. బయట తెరమీద ఈ వారం లిస్టు ఉంది. మొదటి ఆవిడ చర్మం మెరుపు కోసం. రెండో ఆయన అలసట. మూడోది మా క్లాసు అమ్మాయి, పరీక్షల ఒత్తిడి. వారమంతా ఇలాగే నిండిపోయింది.

"ఇది ముడతలు పోగొట్టడానికి కట్టారా అంకుల్?" అన్నాను.

ఆయన తువ్వాళ్ళు లెక్కపెట్టడం ఆపాడు. "దిగేవాళ్ళ కోసం కట్టారమ్మా. నీటిపట్టు అని ఒకటుంది. లోతు నుంచి గబుక్కున పైకి వస్తే రక్తంలో గాలి బుడగలు కడతాయి. కీళ్ళు పట్టేస్తాయి, కాళ్ళు పడిపోతాయి, ఊపిరి ఆగుతుంది. దానికి మందు ఈ గదే. మొదటి ఆరేళ్ళు వాళ్ళనే ఎక్కించాను. తర్వాత బల్లలొచ్చాయి. బల్ల ఏడు నంబరు ఇస్తేనే గది."

"నేల వరుసలో ఏడు ఎవరికీ రాదు కదా."

"రాదు" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

నీటిపట్టు అనే మాట నాకు నడక రాకముందు నుంచీ తెలుసు. మొదటిసారి వింటున్నట్టు మొహం పెట్టాను. నాకు ఇందులో మంచి ప్రాక్టీసు.

రోజు 9

దాలమ్మ ఒక్కతే వచ్చింది. పొద్దున్నే వరుసలో కూర్చుని, తన వంతు వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత బల్ల ముందు కూర్చుంది.

"ఏం నొప్పి? చెప్పు."

"సచ్చిపోనాడు."

"అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు."

"సచ్చిపోనాడు."

"అర్థం కాలేదు. నొప్పి ఎక్కడో చెప్పు."

దాలమ్మ మూడోసారి కూడా చెప్పింది, ఏడవకుండా, గట్టిగా, చెవిటివాళ్ళకి చెప్పినట్టు. గాజు గోడ అవతల ఎవరో ఫోన్లో నవ్వుతున్నారు.

నా లైను కోసం స్క్రీన్ మీద గీత కొట్టుకుంటోంది. రాస్తేనే తర్వాతి మనిషి రావచ్చు. 'రోగి రాలేదు' అని రాశాను.

ఇక్కడ నా గురించి ఒక బూతుమాట రాసి కొట్టేశాను.

రోజు 13

రెండు పనులు చేశాను. రెండూ చెడిపోయాయి.

మొదటిది. కుళాయి దగ్గర నిలబడ్డ ఒక అక్కకి, నోరు కదపకుండా చెప్పాను. "సొంతంగా చెప్పండి. నొప్పి భరించలేకపోతున్నానని ఏడవండి. అప్పుడే నంబరొస్తుంది."

ఆ అక్క నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "నా తాడు అట్టుకున్న ఆడబడుచు పక్కనుండగా నాను సెప్పుకోవాలా? దాని మొకం మళ్ళీ నానెట్టా సూడాల?" అంది. కానీ మోకాళ్ళ నొప్పి బాగా ఉన్నట్టుంది, చివరికి బల్ల ముందు నోరు తెరిచింది. సిగ్గుతో నవ్వుతూ చెప్పింది. బల్ల 3 ఇచ్చింది. బల్లకి నవ్వు అంటే నవ్వే.

రెండోది. మేడమ్‌ని అడిగాను, ఊరికే సందేహం వచ్చినట్టు. "మేడమ్, వాళ్ళు నొప్పి లేదంటారు, వెంట వచ్చినవాళ్ళు ఉందంటారు. ఒకవేళ వెంట వచ్చినవాళ్ళు చెప్పేదే నిజమైతే?"

మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసింది. నాతో ఎప్పుడూ ప్రేమగానే ఉంటుంది. "చూడు రత్నా, వాళ్ళ ఒళ్ళు గట్టిపడిపోయి ఉంటుంది. మనలాగా నొప్పి తెలియదు. పైగా ప్రతి చిన్నదానికీ అరుపులు. నువ్వు సెన్సిటివ్, మనసుకి పట్టించుకోకు."

నొప్పి తెలియదట. ప్రతిదానికీ అరుస్తారట. రెండూ ఒకే నోటితో, ఒకదాని వెంట ఒకటి. వాళ్ళు మౌనంగా ఉంటే నొప్పి లేదు, అరిస్తే మర్యాద లేదు. ఇంకేం మిగిలింది?

"థాంక్యూ మేడమ్" అన్నాను.

రోజు 18

నిన్నటి సంగతి రాస్తున్నాను. నిన్న రాయడానికి కుదరలేదు.

పదీ నలభైకి అమ్మని తీసుకొచ్చారు. కాసులత్త వీపు మీద మోసుకొచ్చింది. కాసులత్త మా నాన్న చెల్లెలు. పదకొండేళ్ళుగా అమ్మ తాడు పట్టేది ఆవిడే. అత్త నడుముకి రెండు పక్కలా అమ్మ కాళ్ళు ఊగుతున్నాయి, అవి అమ్మవి కానట్టు.

వరుసలో వాళ్ళు జరిగి దారిచ్చారు. అత్త నన్ను చూసి నోరు తెరిచి, మూసేసింది. అమ్మ అసలు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత అవస్థ పడుతోందో నాకు తెలుస్తూనే ఉంది.

"ఏం నొప్పి? చెప్పు."

"బాగానే ఉన్నాను" అంది అమ్మ.

"బాగా నేదు!" అత్త మైకు మీదకి వంగింది. "పొద్దుగాల పెద్ద జల్లెడ కాడ దిగినాది. పైకి తీసినప్పుడే నడుం పట్టీసింది. గంట నుంచి కాళ్ళు తెలట్నేదు. గిల్లినా తెలట్నేదు. ఇది నీటిపట్టు. ఆ ఇనప గదిలో ఎయ్యాల, ఇప్పుడే ఎయ్యాల."

"తోడు వచ్చినవాళ్ళు మాట్లాడకూడదు. సొంత గొంతుతోనే చెప్పాలి."

"దాని తాడు అట్టుకున్నది నాను! నాను కాక ఇంకెవులు సెప్తారే?"

"తోడు వచ్చినవాళ్ళు మాట్లాడకూడదు."

నంబరు 2.

నేను అమ్మ వైపు వంగి, బల్ల మాటల్లోనే, "నొప్పి ఉంటే చెప్పు" అన్నాను. అమ్మని నేనెప్పుడూ నువ్వనే అంటాను. కానీ ఇది ఆ నువ్వు కాదు. అమ్మ అప్పుడు తల తిప్పింది. "ఏటీ నేదు పాపగారూ. మీ పని మీరు సూసుకోండి" అంది.

పాపగారూ అంది. నన్ను.

అత్త అరుపులకి మేడమ్ వచ్చింది. "ఏంటమ్మా ఇది, చేపల సంత అనుకున్నావా? ఆవిడే బాగున్నానంటుంటే మధ్యలో నీ గొడవేంటి?" నా వైపు తిరిగి, "పూతమందు ఇచ్చి పంపించు రత్నా. ముందు ఆ పక్కకి జరపమను, నేలంతా తడి చేస్తోంది" అంది.

అది సముద్రం తడి కాదు. అమ్మకి తెలియకుండానే ఒంటేలు పోయింది. నడుము కింద ఏమీ తెలియనివాళ్ళకి అది కూడా తెలియదు. ముందు అందరూ చూశారు, తర్వాత అమ్మ చూసుకుంది. కొంగు లాగి కాళ్ళ మీద కప్పుకుంది. మేడమ్ వేళ్ళతో ముక్కు మూసుకుంది.

నా భయం పోయిందని రాయాలనుంది. పోలేదు. కానీ ఆ ముక్కు మీద వేళ్ళు చూశాక ఇక ఆ స్టూలు మీద కూర్చోలేకపోయాను.

మేడమ్ వెళ్ళగానే లేచి గాజు తలుపు దాటి కుర్చీల వైపు వెళ్ళాను. ఖాళీగా ఉన్న బల్ల ముందు కూర్చున్నాను.

"నమస్కారం రత్న గారూ. మీకు ఎక్కడ ఇబ్బందిగా ఉందో చెప్పండి."

అత్త మాటలే చెప్పాను, గట్టు యాసలోకి మార్చి. "ఉదయం ఈతకెళ్ళి బాగా లోతుకి దిగాను. పైకి రాగానే నడుము పట్టేసింది. గంట నుంచి కాళ్ళు తెలియడం లేదు. గిల్లినా తెలియడం లేదు." ఏడుపు దానంతట అదే వచ్చింది.

నంబరు 9.

ఆ కుర్చీ దాకా నా కాళ్ళతో నేనే నడిచి వచ్చాను. కెమెరా చూసింది. అయినా ఏమీ అడగలేదు.

"కంగారు పడకండి. ప్రెజర్ గది మీ కోసం ఖాళీ చేయిస్తున్నాం" అంది బల్ల. నిమిషంలో చక్రాల కుర్చీ వచ్చింది. ఒక సిస్టర్ గ్లాసుతో నీళ్ళు తెచ్చి, "తాగండి, ఏం కాదు" అంది. అమ్మ పొద్దున గీకిన జల్లెడ లోంచి వచ్చిన నీళ్ళు. సిస్టర్ దుప్పటి తేవడానికి వెళ్ళగానే ఆ కుర్చీ తోసుకుంటూ నేల వైపు పరిగెత్తాను. అత్తా, నేనూ అమ్మని ఎత్తి కూర్చోబెట్టాం. అమ్మ నా మణికట్టు పట్టుకుని, "వొద్దే, వొద్దు, నీ సదువు" అంటూనే ఉంది. మధ్యలో ఎవరో ఎక్కడికని అడిగారు. "ఫ్రాన్సిస్ గారు తెమ్మన్నారు" అన్నాను. గట్టు పిల్ల చెబితే ఎవరూ రెండోసారి అడగరు.

ఫ్రాన్సిస్ గారు తెరమీద పేరు చూశాడు, నా కాళ్ళు చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని అమ్మ అరికాలు బొటనవేలితో గట్టిగా నొక్కాడు. అమ్మ కదల్లేదు.

ఆయన తల ఎత్తి అత్తని అడిగాడు. "ఎంత లోతు?"

"పదిహేడు నిలువులు."

"ఎంతసేపు?"

"ఇయ్యాల రెండోపాలి దిగినాది. మొదటిపాలి కంటే ఎక్కువే ఉంది. ఎనక్కి రమ్మని నాలుగుపాల్లు లాగినాను."

ఆ ఆస్పత్రిలో పదిహేడు రోజులున్నాను. అడగాల్సిన మనిషిని అడిగిన మొదటి మనిషి ఆయన.

"తలకి నూనె ఉందా? లోపల ఆక్సిజన్, నిప్పంటుకుంటుంది" అంటూ తడిగుడ్డ అందించాడు. అత్త అమ్మ జుట్టు తుడిచి, నూలు టోపీ పెట్టింది. లోపల రోగి పక్కన ఒకరు ఉండాలి. అత్త ముందుకొచ్చింది. ఫ్రాన్సిస్ గారు చెయ్యి అడ్డం పెట్టాడు. "రికార్డులో రత్న పేరుంది. రత్న లోపలుంటే తలుపు తీయమని ఎవరూ అనలేరు."

టాబ్ బయట వదిలి లోపలికి వెళ్ళాను. పదకొండూ పదికి తలుపు బిగించాడు. చెవులు నొప్పెట్టాయి, ఒళ్ళు ఉడికిపోయింది.

పది నిమిషాల తర్వాత లోపలి స్పీకర్లో మేడమ్ గొంతు. "రత్నా, ఆ మనిషి ఎవరు? ఫ్రాన్సిస్, వెంటనే తెరవండి."

"ఇప్పుడు తెరిస్తే ఇద్దరి రక్తమూ సోడాలా పొంగుతుంది మేడమ్. రాసి సంతకం పెట్టండి, తెరుస్తాను."

మళ్ళీ మేడమే, "రత్నా, ఆవిడ నీకేమవుతుంది?"

అమ్మ మాస్కు లోంచి నన్ను చూస్తూ తల అడ్డంగా ఊపింది. చెప్పకు, చెప్పకు.

"మా అమ్మ" అన్నాను.

గదిలో అయిదు గంటలున్నాం. మూడో గంటలో అమ్మ కుడికాలి వేళ్ళు కదిలాయి. ఎడమకాలు కదల్లేదు. బయటికొచ్చాక డాక్టర్ చూశారు. ఇంకో అరగంట ముందు ఎక్కించి ఉంటే అదీ వచ్చేదేమో అన్నారు. పదీ నలభై నుంచి పదకొండూ పది దాకా. ఆ అరగంట ఎక్కడికి పోయిందో నేను చెప్పగలను.

రోజు 19

మేడమ్ నన్ను తన గదికి పిలిచింది. అమ్మని చక్రాల కుర్చీలో అక్కడే కూర్చోబెట్టారు. అమ్మకి టీ కూడా ఇచ్చారు.

"కోప్పడదామని కాదు" అంది మేడమ్. "రికార్డు ఇప్పుడున్నట్టే ఉండనిద్దాం. రత్న, ఈత తర్వాత తిమ్మిరి, గదిలో చికిత్స, నయమైంది. మీ అమ్మగారు ఇక్కడికి రాలేదు. మీ అమ్మగారే కాదు, నీకు తెలిసినవాళ్ళెవరూ రాలేదు. నీ సీటు నీకుంటుంది. అందరికీ మంచిది."

'అమ్మగారు' అంది. రెండు రోజుల్లో ముక్కు మీద వేళ్ళు తీసి గారు తగిలించింది.

"ఒప్పీసుకోయే" అంది అమ్మ. "కాలు ఎలాగూ పోనాది. సదువు కూడా పోవాలేటి?"

అమ్మ మీద కూడా కోపం వచ్చింది. పోయిన కాలు అమ్మది, అంత తేలిగ్గా ఇచ్చేసేది కూడా అమ్మే. ఫ్రాన్సిస్ గారి ఉద్యోగం పోతుందని మేడమ్ అంది. తర్వాత ఆయన్నే అడిగాను. "నా సంగతి నేను చూసుకుంటాను. నా పేరు అడ్డం పెట్టుకుని నువ్వు ఆగిపోకు" అన్నాడు, కాస్త విసుగ్గా.

అమ్మ రాలేదని రాస్తే బల్ల మాట నిజమైపోతుంది. నేల వరుస నుంచి ఆ గదికి వెళ్ళాల్సిన మనిషి ఒక్కరు కూడా లేరని. గురయ్య తాత కూడా లేడని.

రేపటి దాకా ఆలోచించుకోమంది.

రోజు 20

ఆలోచించుకున్నాను. మామూలుగా వెళ్ళి నా స్టూలు మీద కూర్చున్నాను. సేవ అయ్యేదాకా నేను రాసిన లైను నేను మార్చవచ్చు. మార్చిన ప్రతి లైనూ కారణంతో సహా పైన డాక్టర్ల బోర్డుకి వెళ్తుంది. ఇది మొదటి రోజే నేర్పారు, స్పెల్లింగ్ తప్పుల కోసం.

వరుసలో మూడోది దాలమ్మ. వెంట కోడలు ఉంది. ఇప్పుడు కోడలు దిగుతోంది, దాలమ్మ తాడు పడుతోంది. కోడలు మోచెయ్యి మడవలేకపోతోంది. ఆమె బల్ల ముందు కూర్చుని బాగానే ఉన్నానంది. దాలమ్మ చెప్పడం మొదలుపెట్టింది. బల్ల ఆపింది.

నేను లేచి నిలబడ్డాను. అంతమంది ముందు మాట్లాడడం నాకు చేతకాదు.

"నేను మసేనమ్మ కూతుర్ని. నూకరత్నాన్ని. మీలో సగం మందికి తెలుసు, నా కోసం ఊరుకున్నారు. మీ తాడు పట్టినవాళ్ళు చెప్పేదే నిజమని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసీ మీకు నొప్పి లేదని రాశాను. నలభై ఒక్కమందికి రాశాను."

హాలంతా నా వైపే చూస్తోంది. దాలమ్మ నెమ్మదిగా దగ్గరికొచ్చింది.

"మా ముసలోడికి కూడా?"

"తాతకి కూడా."

"తెలిసీ?"

"తెలిసీ."

"మరి అప్పుడెందుకు సెప్పనేదే?"

"బయమేసినాది" అన్నాను. పదేళ్ళ తర్వాత గట్టు మీద నా నోట్లోంచి వచ్చిన మొదటి మా యాస మాట అది.

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. దాలమ్మ నన్ను చూస్తూనే ఉంది. "నాకూ ఏసినాది" అంది. "నాను అరిసినాను గదా."

దాలమ్మకి మైకు పక్కన చోటు చూపించాను.

కూర్చుని ముందు కోడలి లైను రాశాను, గట్టిగా చదువుతూ, అందరికీ వినపడేలా. 'కుడి మోచెయ్యి మడవడం లేదు. నిన్న మధ్యాహ్నం నుంచి. నీటిపట్టు అని తాడు పట్టిన దాలమ్మ చెప్పింది. ప్రెజర్ గదికి పంపాలి. రాసింది మసేనమ్మ కూతురు నూకరత్నం.' తర్వాత ఆరో రోజుకి వెళ్ళి గురయ్య తాత పేరు తెరిచాను. పాత లైను తీసేసి, దాలమ్మ ఆ రోజు ఏం అరిచిందో ఆవిణ్ణే మళ్ళీ అడిగాను. చెప్పింది. గుండె దగ్గర పట్టు, ఊపిరి పీలిస్తే గుచ్చడం, నురగ. ఒక్కో మాటా ఉన్నదున్నట్టు కొట్టాను. కారణం అన్నచోట 'రాసిన మనిషి అబద్ధం చెప్పింది' అని పెట్టాను.

మేడమ్ పరిగెత్తుకొచ్చింది. "లే రత్నా. నీ సీటు పోయినట్టే, తెలుసా? లే అక్కడినుంచి."

బడి వాళ్ళు టాబ్ కోసం సాయంత్రం వస్తారట. ఇది రాస్తున్నది అన్నం టైములో, ఇదే స్టూలు మీద, ఒక చేత్తో. మేడమ్ సెక్యూరిటీని పిలిచింది. వాళ్ళు వచ్చి గాజు తలుపు దగ్గర నిలబడ్డారు. తలుపుకీ నాకూ మధ్య నేల మీద వరుస మొత్తం కూర్చుని ఉంది, ఎవరూ జరగడం లేదు. అమ్మ లైనులో ఆ పోయిన అరగంట సంగతి రాశాను. మోకాళ్ళ అక్కది రాశాను.

ఇంకా ముప్ఫై ఎనిమిదిమంది ఉన్నారు. తర్వాతి పేరు పిలుస్తున్నాను.